మినెట్ డి సిల్వా అడిగిన ప్రశ్నలు

దుంబర చాప నేల మీద పరుచుకునే వస్తువు. శ్రీలంకలో క్యాండీ పట్నం పక్కనున్న దుంబర లోయలో, మన కిత్తనార లాంటి ఒక నారకి నలుపూ ఎరుపూ పసుపూ రంగులు పట్టించి, జింకలూ పక్షులూ పాములూ గళ్ళ లెక్కలో తేలేలా నేస్తారు. 1950 ప్రాంతంలో మినెట్ డి సిల్వా అనే ఆర్కిటెక్టు ఆ చాపని నేల మీంచి లేపి, చట్రంలో బిగించి, తలుపుకి పలకగా వాడింది. ఇల్లేమో కాంక్రీటుతో, గాజు ఇటుకలతో కట్టిన కొత్త రకం ఇల్లు. దాని గురించి రాసేవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: సంప్రదాయం, ఆధునికత ఇక్కడ చేతులు కలిపాయని.

నాకు ఆ మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ఎవరి చేతులు? దుంబర చాపలు నేసేవాళ్ళది కిన్నర అనే కులం. పాత క్యాండీ రాజ్యపు కుల వరసలో బాగా అడుగున ఉన్నవాళ్ళు. తలుపు పెట్టించుకున్నది పట్నంలో పలుకుబడి ఉన్న కుటుంబం, ఆర్కిటెక్టు తల్లిదండ్రుల స్నేహితులు. చాప గొప్పింటి తలుపెక్కింది సరే, నేసినవాడి సంగతేంటి? ఒక జనం ఇళ్ళలోంచి, చేతిపనిలోంచి ఏదో ఒకటి తీసుకుని తన పేరు మీద ఇల్లు కట్టే ఆర్కిటెక్టు, ఆ జనానికి ఏం బాకీ పడుతుంది? తిరిగి ఎలా తీరుస్తుంది? మినెట్ పనిని ఈ ప్రశ్నతో చూడాలని నా ప్రయత్నం. ఆవిడని తప్పు పట్టడానికి కాదు. ఈ బాకీని గుర్తించి, ఒక్కసారైనా తీర్చబోయిన కొద్దిమందిలో ఆవిడ ఒకతె అని నేను నమ్ముతున్నాను. అయితే అది ఆ తలుపు దగ్గర జరగలేదు.

ముందు ఆవిడెవరో చెప్పాలి. 1918లో క్యాండీలో పుట్టింది. తండ్రి జార్జ్ డి సిల్వా లాయరు, రాజకీయ నాయకుడు. తల్లి ఆగ్నెస్ నెల్ బర్గర్ సమాజం నుంచి వచ్చి, సిలోన్‌లో ఆడవాళ్ళకి ఓటు కోసం పోరాడిన మనిషి. మినెట్ ఆర్కిటెక్చర్ చదవడానికి బొంబాయి వచ్చి జె.జె. స్కూల్లో చేరింది. గాంధీని విడుదల చెయ్యాలన్న ఊరేగింపుకి వెళ్ళినందుకు క్షమాపణ రాసిమ్మంటే రాయనంది, బయటికి పంపేశారు. తర్వాత బెంగళూరులో ఓటో కోనిగ్స్‌బర్గర్ దగ్గర పనిచేసింది. 1946లో బొంబాయిలో ముల్క్ రాజ్ ఆనంద్ సంపాదకుడిగా మొదలైన ‘మార్గ్’ పత్రిక వెనక తనూ, అక్క అనిల్ కూడా ఉన్నారు. లండన్‌లో చదువు పూర్తిచేసి, 1948లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ ఆర్.ఐ.బి.ఎ.లో అసోసియేట్ అయిన మొదటి ఆసియా స్త్రీ అయింది. అంతకు ముందు ఏడాదే ఇంగ్లండ్‌లోని బ్రిడ్జ్‌వాటర్‌లో జరిగిన ఆధునిక ఆర్కిటెక్టుల మహాసభకి వెళ్ళి, అక్కడ ల కార్బూజియేతో స్నేహం కుదుర్చుకుంది. చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం ఆవిడకి దొరికిన చోటు కూడా అదే: కార్బూజియే పక్కన చీర కట్టుకున్న ఒక అందమైన అమ్మాయి. ఫొటో కింద పేరుంటే ఉంటుంది, లేకపోతే లేదు.

తర్వాత క్యాండీకి తిరిగొచ్చి సొంత పేరుతో ప్రాక్టీసు పెట్టింది. ఆ దేశంలో ఆడవాళ్ళెవరూ అప్పటిదాకా ఆ పని చెయ్యలేదు. మొదటి ఇల్లు, అంటే నేను పైన చెప్పిన చాప తలుపుల ఇల్లు, కరుణరత్నె కుటుంబానిది. 1949 నుంచి 1951 దాకా కట్టింది. కొండ వాలుని చదును చెయ్యకుండా ఇంటినే వాలుతో పాటు రెండు అంచెలుగా దించింది. గోడ మీద జార్జ్ కీట్ బొమ్మ. మట్టి పలకల మీద క్యాండీ ముగ్గులు. ఇంటి గదులు ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుంటాయి, ఎందుకంటే ఆ ఇళ్ళలో పెళ్ళిళ్ళూ భిక్షువులకి అన్నదానాలూ రాత్రంతా సాగే పిరిత్ పారాయణాలూ జరుగుతాయి. యూరపు నమూనా డ్రాయింగ్ రూమ్‌లో అవేవీ పట్టవు. తను చేస్తున్న పనికి ‘ఆధునిక ప్రాంతీయ ఆర్కిటెక్చర్’ అని పేరు పెట్టి, 1950ల మొదట్లోనే మార్గ్‌లో రాసింది. (వాస్తు అనొచ్చు గానీ ఆ మాట మన దగ్గర ఈశాన్యం మూలకి కుదించుకుపోయింది. అందుకే ఆర్కిటెక్చర్ అనే అంటున్నాను.) కెనెత్ ఫ్రాంప్టన్ ‘క్రిటికల్ రీజనలిజం’ అనే మాటని ప్రపంచమంతా పాకించిన వ్యాసం రాసింది 1983లో. మధ్యలో ముప్ఫై ఏళ్ళు.

ఈ వెనకబాటు కథని ‘బావా వర్సెస్ మినెట్’ అని రాయడం ఇప్పుడు ఫ్యాషన్. జెఫ్రీ బావా ఆర్కిటెక్టుగా మొదలయింది 1957లో, అప్పటికి మినెట్ కరుణరత్నె ఇల్లూ, కొలంబోలో పీరిస్ ఇల్లూ కట్టేసి ఉంది. లోపలి ముంగిలి, స్థానిక చేతిపని, తోటలోకి తెరుచుకునే గది, ఇవన్నీ బావా పేరుతో ప్రపంచానికి చేరాయి. అన్యాయమే. కానీ ఎవరు ముందు అన్న లెక్క తేలిస్తే సరిపోతుందా? ఇద్దరూ ఎక్కడ్నించి తీసుకున్నారో వాళ్ళ పేర్లు ఆ లెక్కలో లేవు కదా.

ఇక్కడ ఒక మాట గురించి చిన్న పక్కదారి. ఇలాంటి ఇళ్ళని ‘వర్నాక్యులర్’ అంటారు. మనకి ఆ మాట వేరే చోట తగిలింది, వర్నాక్యులర్ మీడియం అని, కాస్త తక్కువ చూపుతో. లాటిన్‌లో ‘వెర్నా’ అంటే యజమాని ఇంట్లోనే పుట్టిన బానిస. ఇంటి మాట, ఇంటి పద్ధతి అన్న అర్థాలు అక్కడ్నించి వచ్చాయి. ఆర్కిటెక్టు లేకుండా కట్టుకున్న ఇళ్ళకి ఈ పేరు ఎవరో ఆలోచించి పెట్టి ఉండరు. కానీ క్యాండీ దగ్గరికి వచ్చేసరికి అది అతికినట్టు సరిపోతుంది.

ఎలాగంటే, రాబర్ట్ నాక్స్ అనే ఇంగ్లీషు నావికుడు పదిహేడో శతాబ్దంలో దాదాపు పంతొమ్మిదేళ్ళు క్యాండీ రాజ్యంలో బందీగా ఉండి, తప్పించుకుని వెళ్ళి 1681లో పుస్తకం వేశాడు. మామూలు జనం ఒక్క అంతస్తుకి మించి కట్టకూడదు, పెంకులు కప్పకూడదు, గోడలకి సున్నం వెయ్యకూడదు అని అందులో రాశాడు. అవన్నీ రాజుకీ పెద్దలకీ దక్కే మర్యాదలు. అంటే, పల్లెలో మనకి కనపడే మట్టిగోడ, గడ్డికప్పు, నేలని అంటిపెట్టుకున్నట్టుండే తగ్గు ఇల్లు, వీటిలో కొంత వాతావరణం నేర్పిన తెలివి, కొంత చేతికందిన సరుకు, కొంత నిషేధం. ఏది ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఫొటోలో మాత్రం మూడూ కలిసి ‘సింప్లిసిటీ’ లాగా కనపడతాయి.

మరి మధ్యలో ముంగిలి వదిలిన పెద్ద ఇళ్ళు? సింహళంలో ‘మిదుల’ అంటారు. క్యాండీ పెద్దల ఇళ్ళని వలవ్వ అంటారు, వాటికి ఈ మిదుల ప్రాణం. మినెట్ పీరిస్ ఇంట్లో స్తంభాల మీద ఇంటిని లేపి, కింద నేలనీ తోటనీ మిదులనీ కలిపేసింది. కార్బూజియే స్తంభాలు, వలవ్వ ముంగిలి. బాగుంది. కానీ అది సింహళ ‘జనం’ ఇల్లు అంటే నేనొప్పుకోను. అది పెద్దల ఇల్లు. జనానికి అందులో వేరే గుమ్మం ఉండేది.

మన మండువా ఇల్లు గుర్తొస్తుంది కదా. గోదావరి జిల్లాల్లో నాలుగు వైపుల పెంకులు లోపలికి వాలి, వాన నడిమింట్లో పడే ఇల్లు. ఈమధ్య సినిమాల్లోనూ హోమ్‌స్టేల్లోనూ దాన్ని మన తెలుగు ఇల్లు అని చూపిస్తున్నారు. ఎవరి తెలుగు ఇల్లు? ఆ మండువా దాకా ఎవరు రాగలిగారు, ఎవరు పెరటి గుమ్మం అవతలే నిలబడ్డారు అన్నది ఊళ్ళో ఇప్పటికీ పెద్దవాళ్ళకి గుర్తే. పేటలో పూరిళ్ళకి ఈ ‘హెరిటేజ్’ ముద్ర పడదు. వాటిని పడగొట్టి స్లాబు వేసుకున్నప్పుడు ఏదో పోయిందని బాధపడుతూ వ్యాసం రాసినవాళ్ళు నాకు కనపడలేదు.

పోనీ క్యాండీ సంప్రదాయం అచ్చంగా క్యాండీదేనా? 1739 నుంచి 1815లో బ్రిటిష్‌వాళ్ళు గద్దె దించేదాకా అక్కడ రాజులు నాయక్కర్లు. మదురై నాయకుల చుట్టరికంతో అక్కడికి చేరిన, తెలుగు మూలాలున్న వంశం. ఇవాళ క్యాండీ అనగానే పోస్టుకార్డు మీద కనపడే చెరువు, దంతాలయం ముందరి ఎనిమిది పలకల మంటపం, ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహ కాలంలోవి. ఆయన్ని బ్రిటిష్‌వాళ్ళు వెల్లూరులో పెట్టారు, అక్కడే పోయాడు. మనవాళ్ళే అని మురిసిపోవడానికి చెప్పడం లేదు. ‘ప్రాంతీయం’ అనే గీత గియ్యబోతే అది ఎప్పుడూ ఎవరో ఒకరి ప్రయాణం మీదుగానే పోతుంది. మినెట్ ఇంట్లోనే సింహళ తండ్రి, బర్గర్ తల్లి. ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి సంప్రదాయం నుంచి తీసుకున్నాం అని ఒక ఆర్కిటెక్టు అన్నప్పుడు, తీసుకున్నది రూపమైతే, ఆ రూపంలో ఎవరి హక్కు, ఎవరి నిషేధం ఉన్నాయో కూడా వెంట వచ్చేస్తాయి. ప్రేమతో తీసుకున్నా వస్తాయి. ఈజిప్టులో హసన్ ఫాతీ సంగతి చూడండి. లక్సర్ దగ్గర, పాత సమాధుల మీద ఊరు కట్టుకుని బతుకుతున్న గుర్నా జనాన్ని అక్కడ్నించి కదిలించాలని ప్రభుత్వం అనుకుంది. వాళ్ళకోసం ఫాతీ 1940ల రెండో సగంలో పచ్చి ఇటుకలతో, నూబియా మేస్త్రీల పనితనంతో, గుమ్మటాలూ కమానులూ ఉన్న కొత్త ఊరు కట్టాడు. అది చల్లగా ఉంటుంది, చవక, చూడ్డానికి కళ్ళు చాలవు. జనం రాలేదు. పాత ఊళ్ళో వాళ్ళ బతుకుతెరువు ఉంది. పైగా వాళ్ళకి గుమ్మటం అంటే సమాధి గుర్తొస్తుంది. ఫాతీ పేదల్ని ప్రేమించాడనడంలో నాకే అనుమానమూ లేదు. మట్టినీ ప్రేమించాడు. కానీ నూబియా వాళ్ళ పద్ధతిని గుర్నా వాళ్ళకి ‘మీ సంప్రదాయం’ అని ఇచ్చాడు. తలుపు దగ్గరా గుమ్మటం దగ్గరా జరిగింది ఒకటే: నిర్ణయం ఆర్కిటెక్టుది, వారసత్వం జనానిది.

ఊరి ఇంటికి నిజమైన గుణం గడ్డికప్పులోనూ ముంగిలిలోనూ లేదని నాకనిపిస్తుంది. అందులో ఉండబోయేవాడు ఎక్కడ పొయ్యి పెట్టాలో, ఎటు గుమ్మం తియ్యాలో తనే చెప్పడంలో ఉంది. చేతిలో డబ్బు తక్కువ, రాజు ఆజ్ఞలు ఎక్కువ, అయినా ఆ మిగిలిన కాస్త చోటులో మాట తనది. ఆర్కిటెక్టు వచ్చాక మొదట పోయేది అదే. చాపలూ పెంకులూ ఎన్ని తెచ్చి పెట్టినా అది వెనక్కి రాదు.

ఇప్పుడు వటపులువ. క్యాండీ దగ్గర ప్రభుత్వోద్యోగుల కోసం సుమారు 250 ఇళ్ళ కాలనీ, 1958కి పూర్తయింది. సాధారణంగా ఇలాంటి పని ఎలా జరుగుతుంది? ఒక ప్లాను గీస్తారు, 250 సార్లు అచ్చు కొడతారు. మినెట్ ముందు అక్కడ ఉండబోయే కుటుంబాలకి ప్రశ్నాపత్రం పంపింది. ఎంతమంది, ఎలా బతుకుతారు, ఏం కావాలి, ఎంత పెట్టగలరు. కూర్చుని మాట్లాడింది. వచ్చిన జవాబుల్లోంచి కొన్ని నమూనాలు తీసి, వాటిని కుటుంబాన్ని బట్టి, కొండ వాలుని బట్టి మార్చుకుంటూ పోయింది. అక్కడికి రాబోయేవాళ్ళలో సింహళులున్నారు, తమిళులున్నారు, ముస్లింలున్నారు, బర్గర్లున్నారు. పూజ వేరు, వంట వేరు, ఆడవాళ్ళు ఎక్కడ కూర్చోవాలన్న పద్ధతి వేరు.

ఆ ఏళ్ళేవో గుర్తుచేసుకోవాలి. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. 1958లో తమిళుల మీద దాడులు జరిగాయి. నువ్వు ఎవరు, నీ భాషేంటి అన్న ప్రశ్న ఆ దేశంలో మనిషిని పక్కకి తొయ్యడానికి పనికొస్తున్న రోజుల్లో, దాదాపు అదే ప్రశ్నని ఆవిడ, నీకు వంటిల్లు ఎటువైపు పెట్టమంటావు అన్నదానికి ముందుమాటగా అడిగింది. ‘ప్రాంతీయ’ అనే మాటని సింహళ, బౌద్ధ, క్యాండీ అని కుదించి చదవడం అప్పటికి సులువే, లాభం కూడా. వటపులువలో ఆవిడ ఆ మాటకి ఇచ్చిన అర్థం వేరు: ఈ కొండ మీద ఉండబోయే ప్రతి ఒక్కరూ ఈ ప్రాంతమే. తను కట్టిన వాటిలో ఇదే గొప్పదని నా అభిప్రాయం.

ప్రశ్నాపత్రాన్ని నేను మరీ నెత్తిన పెట్టుకుంటున్నానేమో అనే అనుమానం మీకు రావచ్చు, నాకూ ఉంది. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. యూజర్‌ని అడిగాం అనేది మా దగ్గర రోజూ వినే మాట. అడగడం అనే పేరుతో ఎంత నాటకం ఆడొచ్చో తెలుసు. డ్రాప్‌డౌన్‌లో లేని ఆప్షన్ ఎవరూ కోరుకోలేరు. జవాబులు వచ్చేసరికి డిజైన్ ఖాయమైపోయి ఉంటుంది. అందుకే నేను చూసేది అడిగారా లేదా అని కాదు, జవాబు వచ్చాక ఏం మారింది అని. వటపులువలో నమూనాలు మారాయి, ఒకటి కాస్తా అనేకం అయింది. ఖర్చూ ఓపికా పెరిగే దారి అది, ఆర్కిటెక్టుకి పేరు తెచ్చే దారి కాదు. ఒకే రూపం ఉన్న కాలనీ ఫొటోలో పడుతుంది, తలా ఒక రకంగా ఉన్నది పడదు.

దీనికి అవతల ఇంకా గట్టి ప్రశ్న ఉంది. అడిగితే జనం సంప్రదాయం కావాలంటారని ఏంటి గ్యారంటీ? 1950ల్లో ఒక గుమాస్తాని అడిగితే సిమెంటు ఇల్లు కావాలనేవాడు, దొరల బంగళా లాంటిది కావాలనేవాడు. ఇవాళ మన ఊళ్ళో అడిగినా స్లాబే. వాతావరణానికి పడదు, ఎండాకాలం ఉడికిపోతుంది, అయినా స్లాబే. అప్పుడు ఊరి ఇంటి మీద గౌరవమున్న ఆర్కిటెక్టు ఏం చెయ్యాలి?

నేను నాక్స్ రాసిన నిషేధం దగ్గరికే వెళ్తాను. తాతలకి పెంకు కప్పే హక్కు లేనివాడు పెంకు అడుగుతాడు. సున్నం వేసుకోనివ్వనివాడి మనవడు తెల్లగోడ అడుగుతాడు. అది సంప్రదాయాన్ని మర్చిపోవడం అనలేను. అదీ ఆ సంప్రదాయంలో భాగమే, ఇన్నాళ్ళూ చెప్పనివ్వని భాగం. మట్టి ఎంత మంచిదో ఏసీ గదిలో కూర్చుని అతనికి చెప్పే హక్కు నాకెక్కడిది? అలాగని అతనికి తెలియని సంగతి తెలిసి ఆర్కిటెక్టు నోరు మూసుకోవడం కూడా మోసమే. చూరు ఇంకో రెండడుగులు ముందుకి తీస్తే గోడ ఎందుకు చల్లబడుతుందో చెప్పాలి, ఎదురెదురు కిటికీలు ఎందుకో చెప్పాలి, ఆ పైన అతను స్లాబే అంటే స్లాబులోనే దారి వెతకాలి. ఈ బేరంలో ఇద్దరూ కొంచెం కొంచెం ఓడిపోతారు. మినెట్ సిమెంటుకి ఎప్పుడూ ఎదురు తిరగలేదు. చాపా కాంక్రీటూ పక్కపక్కన పెట్టడానికి ఆవిడకి మొహమాటం లేకపోవడం ఇక్కడ పనికొస్తుంది.

వటపులువకి హద్దులు లేవని అననక్కర్లేదు. అది ఉద్యోగస్తుల కాలనీ, నెల జీతం ఉన్నవాళ్ళది. చాప నేసేవాళ్ళ చేతికి ప్రశ్నాపత్రం వెళ్ళే పని కాదు. ఆవిడ జీవితంలో ఎక్కువ పని తెలిసిన కుటుంబాలకి, కలిగినవాళ్ళకి. వాళ్ళ ఇళ్ళలో చేతిపనివాళ్ళకి చోటు దొరికిందన్నది నిజమే, ఆ పనికి కొత్త కొనుగోలుదారు దొరికాడన్నదీ నిజమే. దుంబర చాప ఇవాళ గోడకి తగిలించుకునే వస్తువుగా, చేతి సంచీగా అమ్ముడవుతోంది. ఒకప్పుడు ఏ చాప మీద ఎవరు కూర్చోవచ్చో కులం చెప్పిన సమాజంలో చాప కంటి ఎత్తుకి లేవడం చిన్న సంగతి కాదు అని ఒకరనొచ్చు. నేసినవాడు మాత్రం ఆ ఎత్తుకి లేవలేదు కదా అని ఇంకొకరు అనొచ్చు. నేను రెండో మాట వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాను.

1970ల్లో ఆవిడ దేశం విడిచి లండన్ వెళ్ళింది, హాంకాంగ్‌లో ఆసియా ఆర్కిటెక్చర్ చరిత్ర చెప్పింది, తిరిగొచ్చి 1980ల్లో క్యాండీలో ఒక కళాకేంద్రం కట్టింది. 1996లో శ్రీలంక ఆర్కిటెక్టుల సంస్థ బంగారు పతకం ఇచ్చింది. రెండేళ్ళ తర్వాత, 80 ఏళ్ళ వయసులో, ఒంటరిగా, డబ్బుకి ఇబ్బంది పడుతూ పోయింది. ఉత్తరాలూ ఫొటోలూ పేపరు ముక్కలూ అతికించిన ఆల్బం లాంటి ఆత్మకథ మొదటి సంపుటం 1998లోనే అచ్చయింది. రెండోది రాలేదు.

ఇప్పుడిప్పుడే మళ్ళీ ఆవిడ గురించి రాస్తున్నారు, నవల కూడా వచ్చింది. ప్రతి వ్యాసంలో కార్బూజియేతో స్నేహం గురించి రెండు పేరాలు, చాప తలుపు గురించి ఒక పేరా ఉంటాయి. వటపులువకి రెండు వాక్యాలు. నాకు ఆ రెండు వాక్యాలు విప్పి చెప్పేవాళ్ళు కావాలి. ఏ కుటుంబం ఏమడిగింది, ఎవరు గోడ జరపమన్నారు, ఎవరు వరండా వద్దని ఆ డబ్బుతో ఇంకో గది వేయించుకున్నారు, ఎక్కడ ఆవిడ కాదంది, ఎక్కడ వాళ్ళు వినలేదు.